ఒప్పందం గడువులో యుద్ధ సన్నాహం

ఒప్పందంలోని ఒక్క షరతును కూడా మీరకుండా ద్రోహం చేయడం సాధ్యమేనా? సాధ్యమేనని అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లోని ఒక సంఘటన మనకు తెలుపుతోంది.

హజ్రత్ ముఆవియా (రజి)కూ రోమన్లకూ మధ్య కొంత గడువు వరకు యుద్ధం చేయరాదన్న ఒప్పందం ఉండేది. ఆ గడువు ముగియవస్తుండగా ఆయన సైన్యంతో వారి సరిహద్దు వైపు బయలుదేరారు. గడువు లోపల ఒక్క బాణం వేసే ఉద్దేశం కూడా ఆయనకు లేదు. గడువు తీరగానే దాడి చేయాలని మాత్రమే అనుకున్నారు. అంతలో ఒక వ్యక్తి గుర్రంపై వస్తూ, అల్లాహు అక్బర్ అని పలుకుతూ, మాట నిలుపుకోవాలేగాని ద్రోహం తగదని కేక వేశారు. చూస్తే ఆయన హజ్రత్ అమ్ర్ బిన్ అబసా (రజి). ఒప్పందం ఉన్నంతకాలం ఆ ముడిని బిగించనూ రాదు, విప్పనూ రాదు. లేదా అది రద్దయిందని ఇరుపక్షాలకూ సమానంగా తెలియజేయాలి అని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానన్నారు. ముఆవియా (రజి) సైన్యంతో వెనుదిరిగారు. (పాలకుని ఎదుట ఒంటరిగా నిలిచి మాట్లాడిన ఆ సహాబీ ధైర్యం గురించి వేరుగా రాయవలసి ఉంది.)

ఇందులో తప్పేముందని మనకు అనిపించవచ్చు. ఉలమాలు ఇలా వివరించారు: గడువు తీరేదాకా నీవు నీ చోటే ఉంటావని, ఆ తర్వాత నీ ప్రయాణానికి పట్టే రోజులు కూడా తనకున్నాయని శత్రువు నమ్ముతాడు. ఆ రోజులను కాజేయడమే ద్రోహం. అవతలివారు ద్రోహం చేస్తారన్న భయం ఉన్నా సరే, ఒప్పందాన్ని బాహాటంగా వాపసు చేయాలన్నదే అన్ఫాల్ సూరా 58వ ఆయతు ఆదేశం.

అలాగైతే బాహాటంగా ప్రకటిస్తే చాలా? 1934 జనవరిలో జర్మనీ, పోలెండ్‌లు పదేళ్లపాటు పరస్పరం బలప్రయోగం చేయబోమని రాసుకున్నాయి. 1939 ఏప్రిల్ 28న హిట్లర్ దానిని లోకం వినగా రద్దు చేశాడు. అయితే పోలెండ్‌పై దాడికి సిద్ధం కావాలన్న ఉత్తర్వు ఏప్రిల్ 3నే సైన్యానికి అందింది. పోలెండ్ నుంచి ద్రోహ భయమూ లేదు. మా దృష్టిలో ఇది ఆయతు చెప్పిన ప్రకటన కాదు, నిర్ణయం జరిగిపోయాక చదివిన కాగితం.

అదే ఏడాది ఆగస్టు 23న జర్మనీ, సోవియట్ యూనియన్‌లు ఒకరిపై ఒకరు దాడి చేయబోమని మాస్కోలో పదేళ్లకు సంతకాలు చేశాయి. దానితోపాటే రాసుకున్న రహస్య పత్రంలో పోలెండ్‌ను పంచుకున్నాయి. పరుల ఇంటిని పంచుకునే షరతుకు షరీఅతులో విలువ లేదు. సెప్టెంబరు 1న జర్మనీ, 17న సోవియట్ సైన్యం పోలెండ్‌లో ప్రవేశించాయి.

1941 జూన్ 22 తెల్లవారుజామున జర్మనీ సోవియట్ యూనియన్‌పై విరుచుకుపడింది. గడువు ఇంకా ఎనిమిదేళ్లు మిగిలి ఉంది. ఆ రాత్రి కూడా సోవియట్ ధాన్యపు రైళ్లు సరిహద్దు దాటి జర్మనీ వైపు వెళుతూనే ఉన్నాయి.