సామాన్యధనము – సభ్యుల విశ్వాసము



నేటి యుపాసనానంతరము మేము మీ యెదుట నుంచదలచిన విషయము వేదాంతవిచారమువలె గంభీరముగా తోపకపోవచ్చును. ఇది చందా పుస్తకమును గూర్చినది, రసీదులను గూర్చినది, కోశాధికారి బీరువాలోని కాగితపు కట్టలను గూర్చినది. ఇట్టి లౌకికవిషయమును దైవసన్నిధిని ప్రస్తావింపనేల యని కొందరు తలపవచ్చును. సత్యస్వరూపుడైన పరమేశ్వరుని పూజించువారు తమ చిట్టా ఆవర్జాలయందు సత్యమును విడిచినచో, ఆ పూజ పెదవులతో ముగియునదే గాని హృదయమును చేరునది కాదు. కావున ఈ విషయము ఉపాసనకు వెలుపలిది కాదు. ఉపాసనకు పరీక్షయే యిది.

మన పట్టణములలో సభ్యుల చందాలపై నిలిచియున్న సంస్థలు పెక్కులు గలవు: పఠనమందిరములు, బాలికాపాఠశాలలు, అనాథశరణాలయములు, ప్రార్థనసమాజములు. ఇవి పుట్టినది ధనికుల మిగులుధనముచేత గాదు. పదిమంది కలిసి నెలనెల యిచ్చుకొన్న కొద్దిపాటి సొమ్ముచేత. ఇట్టి సంస్థకు చిక్కు వచ్చు విధము ఎల్లచోట్లను ఇంచుమించుగ నొక్కటియే. చందా యెన్నడో నిర్ణయింపబడి యట్లే నిలిచియుండును. ఉపాధ్యాయుల జీతములు, దీపముల ఖర్చు, భవనపు మరమ్మతులు మాత్రము ఏటేట పెరుగుచుండును. ఒక నెల జీతములకు సొమ్ము చాలదు. భవననిధినుండి కొంత తీసి, వచ్చునెల సర్దవచ్చునని తలతురు. వచ్చునెల మరికొంత తీయుదురు. తీసినది ఎవరి యింటికిని పోలేదు, జీతములకే పోయినది. అయినను ఆ సంగతి సభ్యులకు తెలుపబడదు. వార్షికసభ ఒకమారు వాయిదా పడును. మరల కూడినప్పుడు లెక్కలు సిద్ధమగుచున్నవని చెప్పుదురు. అటుపిమ్మట సభ్యుడు తన సంస్థ స్థితిని తన సంస్థ నోట గాక బజారులో వినును.

విశ్వాసము పోవునది ఈ దినముననే. సొమ్ము తరిగిన దినమున గాదు. ఈ భేదమును గ్రహింపనిదే చికిత్స సాగదు. సంస్థ బీదదైనదని తెలిసి చందా మానివేసిన సభ్యులు అరుదు. తమకు చెప్పక దాచిరని తెలిసి మానివేసినవారే పెక్కురు. కార్యదర్శులు మాత్రము రోగమును ధనాభావమని నిర్ణయించి, చికిత్సగా మరియొక విరాళముల విజ్ఞప్తిని అచ్చువేయింతురు. నమ్మకము లేనివాని వాకిట నిలిచి ధనమడుగుట, ఎండిన బావిలో చేదవేసి తోడుటవంటిది.

మన పూర్వులు ఈ భేదమును చక్కగ నెరిగినవారు. మనుస్మృతియందు వ్యవహారపదములు పదునెనిమిదిగా గణింపబడినవి. వానిలో ఋణాదానము తరువాత చెప్పబడినది నిక్షేపము. అనగా నమ్మి యొకనియొద్ద దాచిన సొమ్ము. దొంగలు హరించినను, నీట గొట్టుకొనిపోయినను, నిప్పున గాలినను, తాను దానినుండి యేమియు గ్రహింపనియెడల దాచుకొన్నవాడు దోషి కాడని యా ధర్మము. అడిగినప్పుడు ఇయ్యనివాడును, ఉంచనే లేదని బొంకువాడును దండ్యులు. నష్టము దైవికము కావచ్చును, మరుగుపరచుట మానుషము. స్మృతులలోని యితర విధులను గూర్చి మనకు భిన్నాభిప్రాయములు ఎన్నియున్నను, ఈ న్యాయమునందు మాత్రము లోపము కానరాదు. చందాసొమ్ము నిక్షేపము వంటిది. కార్యనిర్వాహకులు దానికి కాపరులే గాని స్వాములు కారు.

దాచక చెప్పినచో సంస్థ పరువు పోవును, ఉన్న దాతలును తొలగుదురు అని భయపడువారు గలరు. వారికి మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి చరిత్రమే సమాధానము. వారి తండ్రి ద్వారకానాథ ఠాకూరుగారు 1846-వ సంవత్సరమున లండను నగరమున పరమపదించిరి. 1848-వ సంవత్సరారంభమున కార్, ఠాకూరు కంపెనీ కూలిపోయినది. అప్పులవారు సభగా కూడిరి. ద్వారకానాథులు ముందుచూపుతో కొన్ని యాస్తులను ట్రస్టుగా వ్రాసియుండుటచేత అవి అప్పులవారికి అందునవి కావు. చట్టమే వారికి కోటగోడగా నిలిచియుండెను. అయినను దేవేంద్రనాథులు ఆ కోట వెనుక దాగొనలేదు. ట్రస్టు ఆస్తులను గూడ అప్పులు తీరుటకై యప్పగింప సిద్ధముగ నున్నామని సభలో తెలియజేసిరి. అప్పటికి వారి వయస్సు ముప్పది సంవత్సరములు. ఆ మాట విన్న అప్పులవారి మనసులు కరిగినవి. వారిని వీధిపాలు చేయక జీవనమునకు భృతి నేర్పరచిరి. కాలక్రమమున వ్యవహారమును వారి చేతికే విడిచిరి. ఇంటి వైభవము తగ్గినది, పరివారము తగ్గినది. తండ్రి ధర్మసంస్థ కొకదానికి వాగ్దానము చేసి యియ్యకయే గతించిన లక్షరూపాయలను గూడ కుమారులు వడ్డీతో చెల్లించిరి. సంవత్సరములు గడచినను ఋణము తీరినది.

ఈ కథలో మనము గమనింపవలసినవి రెండు. మొదటిది: అప్పులవారు నమ్మినది దేవేంద్రనాథుల ధనమును గాదు, అప్పటికది లేదు. లేదని వారు నిజముగ చెప్పుటను నమ్మిరి. రెండవది: నిజము చెప్పినంతమాత్రమున అన్నియు దక్కవు. తత్త్వబోధినీసభ పక్షమున బాఁసబేడియా గ్రామమున నడచుచున్న పాఠశాల ఆ విపత్తు తరువాత మూతపడినది. సత్యము వ్యాపారపుటెత్తు కాదు, ఆడినవెంటనే లాభము తెచ్చుటకు. కాని పాఠశాల పోయినను విశ్వాసము దక్కెను. విశ్వాసము దక్కినందున సమాజము దక్కెను.

మేము గౌరవనీయులము, మమ్ము లెక్క యడుగుట యవమానము అనువారు మరికొందరు. ఇది మిక్కిలి ప్రమాదకరమైన మాట. ఏలయన దీనిని చెప్పువారు తరచుగ నిజాయితీపరులే. లెక్క చూపుట దొంగను పట్టుటకొరకు మాత్రమే కాదు. నిర్దోషిని నిందనుండి కాపాడుటకును. న్యాయవాదవృత్తిలో మేము చూచిన సంస్థల వ్యాజ్యములలో, సొమ్ము తినినందున చెడినవారికంటె రసీదు వ్రాయనందున చెడినవారే అధికులు. వ్యక్తి యెంతటి మహనీయుడైనను సమాజమాయన యిష్టముపై నిలువరాదని బ్రాహ్మసమాజ చరిత్రమే బోధించుచున్నది. కేశవచంద్రసేనుగారి నాయకత్వమున పలువురి విరాళములతో కట్టిన మందిరము 1869-వ సంవత్సరమున తెరవబడినది. దానిని ట్రస్టీల కప్పగింపవలెననియు, సమాజమునకు నియమావళి యుండవలెననియు కొందరు సభ్యులు కోరుచువచ్చిరి. ఆ కోరికలు తీరకమునుపే, 1878-వ సంవత్సరమున కూచ్‌బిహారు వివాహముచేత విశ్వాసము పూర్తిగ విరిగినది. ఆ యేడే మే నెల 15-వ తేదీన కలకత్తా టౌనుహాలులో సాధారణ బ్రాహ్మసమాజము వెలసినది. ఆనందమోహన వసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. శివనాథశాస్త్రిగారు మొదలగువారు తోడైరి. సమాజకార్యము సభ్యులెన్నుకొన్నవారిచేత, వ్రాతపూర్వకమైన నియమములచొప్పున నడువవలెనని నిశ్చయించిరి. సాధారణమను పేరే వారి సిద్ధాంతము: ఇది అందరిది.

చట్టము చాలదా యని యడుగుదురేమో. 1860-వ సంవత్సరపు 21-వ ఆక్టు, అనగా సంఘముల రిజిస్ట్రేషను చట్టము, కార్యనిర్వాహకుల పేర్ల పట్టికను ఏటేట దాఖలు చేయుమన్నది. దాఖలైన కాగితములను రూపాయి రుసుముతో ఎవరైనను చూడవచ్చునన్నది. కాని జమాఖర్చులను దాఖలు చేయుమని యది కోరలేదు! పేర్లు చాలుననుకొన్నది. తరువాత పెక్కు రాష్ట్రములు లెక్కల తనిఖీని గూడ విధించినవి. 2001-వ సంవత్సరమున ఆంధ్రప్రదేశమునకు వేరుచట్టము వచ్చినది. అయినను చట్టము తృప్తిపడినంతమాత్రమున సభ్యుడు తృప్తిపడవలెనన్న నియమము లేదు. చట్టము అడుగువరకు ఆగుట పౌరధర్మము. అడుగకమునుపే చెప్పుట ఆస్తికధర్మము.

ఇక చేయవలసిన దేమి? మాకు తోచిన క్రమమును మనవి చేయుచున్నాము.

విరాళము అడుగకమునుపే నిజము చెప్పవలెను. ఎంత యప్పున్నది, ఎవరికి ఎన్ని నెలల జీతము బాకీ, ఏ నిధినుండి ఎంత తీసి దేనికి వాడితిమి, ఇట్లే నడచినచో ఎన్ని నెలలు నిలువగలము — ఇవి ఒక్క కాగితముమీద, ప్రతిసభ్యునికి తెలియు తెనుగులో వ్రాసి, సభకు రెండువారములు ముందుగ ఇంటింటికి పంపవలెను. కొంత చెప్పి కొంత దాచుట మొదటి మౌనముకంటె కీడు. ఏలయన రెండవమారు బయటపడిన రహస్యమునకు క్షమ యుండదు.

ఒక కార్యమునకై యిచ్చిన సొమ్మును వేరుగ నుంచవలెను. అనాథబాలల భోజనమునకని యొక తల్లి యిచ్చిన నూరురూపాయలు గోడల సున్నమునకు పోరాదు. ఇదివరకే పోయినచో, ఆ తల్లితోనే ముందుగ చెప్పవలెను. తిరిగి నింపుటకు గడువు నిర్ణయింపవలెను.

లెక్కలను తనిఖీ చేయువాడు కోశాధికారికి బంధువును, కార్యదర్శికి మిత్రుడును కారాదు. అతనిని సభ్యులు ఎన్నుకొనవలెను. అతని యాక్షేపణలను సారాంశముగ గాక యథాతథముగ సభలో చదువవలెను.

పొదుపు పైనుండి దిగవలెను. సభాసత్కారములు, ప్రయాణపు ఖర్చులు, అచ్చుపత్రికలు తగ్గిన తరువాతనే పాఠశాల పరిచారకుని జీతముమాట యెత్తవలెను. కార్యవర్గములోనివారు తమ చందాబాకీలను మొదట చెల్లింపవలెను. బాకీపడిన పెద్దమనుష్యుడు లేచి పేదసభ్యునికి త్యాగమును బోధించినచో, విన్నవారు నవ్వుకొనకుందురా?

పిమ్మట చిన్న వాగ్దానములనే చేసి, వానిని తప్పక నెరవేర్పవలెను. ప్రతినెల మొదటివారమున లెక్క పలకపై కట్టుదుమన్నచో, మంచినెలయందును చెడునెలయందును కట్టవలెను. సభ్యుడు తరుగుదల చూపిన లెక్కనే ఎక్కువగ నమ్మును. విరిగిన విశ్వాసము ఉపన్యాసముచేత అతుకదు. పండ్రెండు నెలలు పండ్రెండు కాగితములు తప్పక కనబడినచో అతుకును.

కోపముతో వచ్చిన సభ్యుని శత్రువని తలపకుడు. అతడింకను సంస్థ తనదని నమ్ముచున్నాడు, కావుననే కోపము. మాటాడక తొలగిపోయినవాని యింటికి వెళ్లి వినవలెను.

ఇంతవరకు కార్యనిర్వాహకులను గూర్చి చెప్పితిమి. సభ్యులకు ధర్మము లేదా? సభకు రాక, నివేదిక చదువక, చందా చెల్లింపక, వీధియరుగుపై నిందించువాడు గూడ ఆ నిక్షేపమును పాడుచేసినవారిలో నొకడే. లెక్క అడుగు హక్కుతో వచ్చి వినవలసిన భారమును, నిజము విన్నపిమ్మట చేయూత నియ్యవలసిన భారమును పుట్టినవి. నిజము చెప్పిన కార్యదర్శిని ఆ నిజమును బట్టియే తరిమితిమా, ఆ తరువాత వచ్చువాడు అబద్ధమాడుటకు మనమే గురువుల మగుదుము.

సోదరులారా, ఈ తగవులో మనకు కనబడనివారు కొందరున్నారు. బాలికాపాఠశాల మూతపడినచో మనము మరియొక సభను చేరుదుము; ఆ బాలిక మరియొక పాఠశాలను చేరదు. పఠనమందిరపు తలుపు మూసినచో మన యింట పుస్తకములున్నవి. సాయంకాలము పనిమాని వచ్చు కూలివానికి లేవు. కార్యనిర్వాహకుల యభిమానమునకును సభ్యుల యలుకకును నడుమ నలిగిపోవువారు వీరు. వీరికొరకైనను ముందుగ నొకరు నోరు తెరచి నిజము చెప్పవలెను; రెండవవారు ఓర్పుతో వినవలెను.

పరమేశ్వరా! మా హృదయపు లెక్కలను నిత్యము చూచువాడవు నీవు. నీ యెదుట దాచలేనిదానిని తోడివారియెదుట దాచు భ్రాంతినుండి మమ్ము తప్పింపుము. లేమియందు సిగ్గును గాక, అసత్యమునందు సిగ్గును మాకు ప్రసాదింపుము. పదిమంది నమ్మి మా చేత నుంచిన సొమ్మును నీ నైవేద్యమువలె కాపాడు బుద్ధిని మా కిమ్ము. తథాస్తు.