ముప్పై పౌండ్ల గొంతు

1973 జనవరి 21, ఆదివారం. లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోకి క్లేర్ టోరీ అనే పాతికేళ్ళ గాయని వచ్చింది. ఇంజనీర్ ఆలన్ పార్సన్స్ పిలిపించాడు. పింక్ ఫ్లాయిడ్ అంటే ఆమెకి ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. ఆమెకి వినిపించిందల్లా కీబోర్డు వాయించే రిక్ రైట్ కట్టిన కార్డ్స్, వాటి చుట్టూ అల్లిన వాద్యాలు. సాహిత్యం లేదు, పాడాల్సిన వరస కూడా లేదు. ఇది చావు గురించి, ఏదో ఒకటి పాడు అన్నారు. మొదట్లో ఏవో మాటలు కలిపింది. మాటలొద్దన్నారు. అప్పుడిక తన గొంతుని ఒక వాయిద్యం అనుకుని పాడింది. రెండు టేకులు పూర్తిచేసి, మూడోది మధ్యలో ఆపేసింది, పాడిందే మళ్ళీ పాడుతున్నట్టుందని. ఆదివారం కాబట్టి రెట్టింపు రేటు, 30 పౌండ్లు. తీసుకుని వెళ్ళిపోయింది. దాన్ని వాడుకుంటారని కూడా అనుకోలేదట.

ఆ ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. ఆ పాట ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’. అట్ట మీద గాయనిగా ఆమె పేరు వేశారు. రచన మాత్రం ఒక్క రిక్ రైట్‌దే అన్నారు. ఆల్బమ్ కోట్లలో అమ్ముడుపోయింది. 2004లో ఆమె బ్యాండు మీద, ఇ.ఎమ్.ఐ. మీద దావా వేసింది. 2005లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఎంతకి కుదిరిందో బయటపెట్టలేదు గానీ, ఆ తర్వాత వచ్చిన ముద్రణల్లో ఆ పాట రచనలో ఆమెకి వాటా ఇస్తూ పేరు వేస్తున్నారు.

అడిగిన పనికి ఒప్పుకున్న కూలి తీసుకున్నాక ఇంకా బాకీ ఏమైనా మిగులుతుందా? నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న ఇది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఆ ఆల్బమ్ అంత పెద్దదవుతుందని ఆ గదిలో ఎవరికీ తెలీదు. అట్టర్ ఫ్లాప్ అయ్యుంటే ఆమె 30 పౌండ్లు వెనక్కి ఇచ్చేదా? ఇవ్వదు కదా. నష్టంలో పాలు లేనివాళ్ళకి లాభంలో పాలేంటి? ఈ వాదన తేలికైంది కాదు. మా స్నేహితుల్లో లెక్కలు తెలిసినవాళ్ళంతా ఇదే అంటారు.

కానీ ఇది డబ్బుకి జవాబే తప్ప పేరుకి కాదు. ఆ ఆల్బమ్ మూడొందల కాపీలే అమ్ముడుపోయినా ఆ స్వరాలు పుట్టించింది ఆవిడే. ఆమెని పిలిచింది పాడ్డానికి, ఆమె చేసింది పాట కట్టడం. బేరం ఒకదానికి కుదిరింది, పని ఇంకొకటి జరిగింది.

అయితే డిక్ పారీ సంగతేంటి, అని అడగొచ్చు. అదే ఆల్బమ్‌లో ‘మనీ’ పాటకి శాక్సఫోన్ వాయించాడు. అది కూడా మనోధర్మమే. ఆయనకీ రచయితగా వాటా ఇద్దామా? నేను వాడే గీటురాయి మోటుది: తీసేసి చూడు. శాక్సఫోన్ తీసేసినా ‘మనీ’ ఆ పాటగానే నిలబడుతుంది. టోరీ గొంతు తీసేస్తే? దీనికి ఊహ అక్కర్లేదు, జరిగింది. 1972 కచేరీల్లో రైట్ ఆ భాగాన్ని గొంతు లేకుండానే వాయించేవాడు, దాని మీద టేపుల్లోంచి మతప్రసంగాలు వినిపించేవాళ్ళు. దాన్ని ఇప్పుడు వింటే అందమైన పునాదిలా ఉంటుంది. ఇల్లు ఇంకా లేవలేదు. పునాది లేకుండా ఇల్లు లేదనేదీ నిజమే, అందుకే ఇద్దరి పేర్లూ ఉండాలంటున్నాను.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇదంత చిక్కుప్రశ్న కాదు. కృతి త్యాగరాజుది. దానికి ముందు పాడే ఆలాపన, చివర్లో స్వరకల్పన పాడేవాళ్ళవి. రాగం ఎవరి సొత్తూ కాదు. అయితే అక్కడ తగాదా రాకపోవడానికి కారణం మన ఔదార్యం అనుకోను. ఆలాపన కచేరీతోపాటే గాల్లో కలిసిపోయేది, పంచుకోడానికేమీ మిగిలేది కాదు. టేపు వచ్చాక ఆ క్షణం కూడా ఆస్తి అయింది. అలాంటి క్షణాన్ని టేపు మీదకెక్కించినవాళ్ళు మనకీ ఉన్నారు: పాత సినిమా క్యాసెట్ల అట్టల మీద సంగీత దర్శకుడు, రచయిత, గాయకుల పేర్లుండేవి. ఆ ఫ్లూట్ ఎవరిదో అట్ట చెప్పేది కాదు.

ఇక ‘ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నావు?’ అనే ప్రశ్న. టోరీకి ముప్పై ఏళ్ళు పట్టింది. 1967లో వచ్చిన ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’కి ఆర్గన్ వాయించిన మాథ్యూ ఫిషర్ అయితే 2005 దాకా కోర్టుకి వెళ్ళలేదు. 2006లో జడ్జి ఆయనకి సంగీతంలో 40 శాతం వాటా ఇచ్చాడు, అదీ దావా వేసిన నాటి నుంచే. 2008లో అప్పీలు కోర్టు, మరీ ఆలస్యమైందంటూ డబ్బు వాటా తీసేసింది. 2009లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తిరిగి ఇచ్చింది. ఈ ఆలస్యం ప్రశ్న ఎప్పుడూ అడిగేవాణ్ణే వేలెత్తి చూపుతుంది. అన్నేళ్ళూ పేరు ఒక్కరిదిగానే ఉంచుకున్నవాళ్ళని మాత్రం, ఇన్నేళ్ళూ మీరేం చేశారని ఎవరూ అడగరు. స్టూడియో పనికి మళ్ళీ పిలుపు రావాలంటే నోరు మూసుకోవాలని ప్రతి వాద్యకారుడికీ తెలుసు. మౌనాన్ని అంగీకారం అనేది ఆ భయం లేనివాళ్ళే.

ఒక్క సంగతి నన్ను ఇంకా ఇబ్బంది పెడుతుంది. రికార్డు మీద మనం వినేది ఆమె ఏకబిగిన పాడింది కాదు. ఆ రెండున్నర టేకుల్లోంచి ముక్కలు ఏరి అతికారు. ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో ఎంచడం కూడా రచనే కదా? కొంతవరకు అవును. నా గీటురాయి ఇక్కడ పెద్దగా పనిచెయ్యదు, ఒప్పుకుంటాను. కాకపోతే ఏరడానికి ముందు ఏదో ఒకటి రాశిపడి ఉండాలి.

1994 పర్యటనలో ఈ పాటని ముగ్గురు గాయనులు పంచుకుని పాడారు. ఆ వీడియో చూడండి. ఆరోజు ఆదివారం టోరీ గొంతుకి తోచినట్టు పాడిన ఎగుళ్ళూ దిగుళ్ళూ ఏడుపూ, వాళ్ళు కృతి నేర్చుకున్నట్టు నేర్చుకుని, వరస తప్పకుండా అప్పజెబుతుంటారు. అప్పటికింకా రచన ఒక్క రిక్ రైట్ పేరు మీదే ఉంది.