కొట్టుగా మారిన చర్చి పవిత్రమేనా?

ఇంగ్లండులోని ఎసెక్స్ తీరంలో, బ్రాడ్‌వెల్ దగ్గర సముద్రానికి ఎదురుగా సెయింట్ పీటర్ పేరిట ఒక చిన్న చర్చి ఉంది. 654 ప్రాంతంలో సెడ్ అనే క్రైస్తవ సన్యాసి దాన్ని కట్టించాడు. రాయీ ఇటుకా అక్కడే పాడుబడిన రోమన్ సైనిక కోటవి. తర్వాత చాలాకాలం అది రైతుల ధాన్యపు కొట్టుగా ఉండి, 1920లో మళ్లీ ప్రార్థనకు అంకితమైంది. బండ్లు తోలడానికి గోడల్లో కొట్టిన పెద్ద ద్వారాలను పూడ్చిన అతుకులు నేటికీ కనిపిస్తాయి. పవిత్రత అంటే మైల సోకకపోవడమే అయితే, ఈ కట్టడానికి అది మొదటి రోజు నుంచే లేదు. ఆ రాళ్లు యుద్ధం కోసం పేర్చినవి.

ప్రార్థన ఆగిన చోట పవిత్రతా ఆగిపోయినట్టేనని కొందరంటారు. ఆ మాటలో బలముంది: ప్రార్థించేవాళ్లు లేకపోతే గోడలు గోడలే. అయితే 1920లో జనం కొత్త చర్చి కట్టుకోకుండా ఈ పాత గోడలనే ఎందుకు నిలబెట్టుకున్నారు? అది సెడ్ ప్రార్థించిన చోటన్న ఎరుక వల్లనే. మరి ప్రతి కొట్టూ పవిత్రమేనా అంటే, కాదు. ఆ ఎరుక ఉన్నదే పవిత్రం. పవిత్రత రాతి గుణం కాదు, తరాలు ఒక చోటుకు ఇచ్చే మాట. మధ్యలో తప్పినా ఆ మాటను మళ్లీ నిలబెట్టుకోవచ్చు. కాబట్టి ధాన్యం పోసుకున్న రైతును తప్పుపట్టలేం. ఆ వాడకమే గోడలను మనదాకా కాపాడింది.