పాత నగరంలో నిలబెట్టవలసింది ఏది?

చారిత్రక నగర కేంద్రాలను కాపాడే ప్రతి ప్రణాళికా నిబంధన వెనుక ఒక తాత్త్విక ప్రశ్న ఉంటుంది. నిత్యం మారే నగరాన్ని అదే నగరమని చెప్పడానికి ఆధారమేమిటి? గోడలు కూలుతాయి, దూలాలకు చెదలు పడతాయి, ఇళ్లు చేతులు మారతాయి, తరాలు గడిచిపోతాయి. గ్రీకు రచయిత ప్లూటార్క్ ప్రస్తావించిన థీసియస్ ఓడ సమస్య ఇటువంటిదే: చెక్కలన్నీ ఒక్కొక్కటిగా మార్చిన తర్వాత మిగిలింది పాత ఓడేనా? ఆ వాదన తేలకపోయినా తత్త్వవేత్తలకు నష్టం లేదు. నిబంధన రాసేవారికి ఆ వెసులుబాటు లేదు. ఏ గోడ పడగొట్టవచ్చో, ఎన్ని అంతస్తులు లేపవచ్చో వారు తేల్చి చెప్పాలి. అందుకే ప్రతి పరిరక్షణ చట్టంలోనూ ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇమిడి ఉంటుంది. అటువంటి సమాధానాలు ప్రధానంగా మూడు.

మొదటిది పదార్థాన్ని ఆధారంగా తీసుకుంటుంది. పాత కట్టడాలు కట్టినవారికీ, రాబోయే తరాలన్నిటికీ చెందుతాయని, వాటిని ముట్టుకునే హక్కు మధ్యలో ఉన్న తరానికి లేదని జాన్ రస్కిన్ 1849లో వెలువరించిన ‘ది సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్’లో వాదించాడు. 1964 నాటి వెనిస్ ఒప్పందపత్రం ఈ ఆలోచనకు నియమరూపం ఇచ్చింది. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని, కొత్తగా చేర్చిన భాగం పాతదాని నుంచి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలని అది చెబుతుంది. మన దేశంలో పురావస్తు కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ, కేంద్ర రక్షణలోని కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతాన్ని, ఆపై మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతాన్ని ఏర్పరచింది. ఇది రాతిని గట్టిగా కాపాడుతుంది. అయితే చార్మినార్ వంటి చోట ఆ పరిధిలోనే బజార్లు, కాపురాలు ఉన్నాయి. కట్టడం కోసం గీసిన వలయం దాని చుట్టూ ఉన్న బతుకు గురించి ఏమీ చెప్పదు.

రెండో సమాధానం రూపాన్ని, దాన్ని నిలిపే సంప్రదాయాన్ని ఆధారంగా తీసుకుంటుంది. జపాన్‌లోని ఇసే మందిరాన్ని 20 ఏళ్లకోసారి కొత్త కలపతో పూర్తిగా తిరిగి కడతారు. 2013లో జరిగినది 62వ పునర్నిర్మాణం. మన ఆగమాల్లోని జీర్ణోద్ధరణ కూడా ఈ కోవలోనిదే. మూలమూర్తిలోని కళను తాత్కాలిక మందిరమైన బాలాలయానికి ఆవాహన చేసి, ఆలయం పనులు ముగిశాక కుంభాభిషేకంతో తిరిగి ప్రతిష్ఠిస్తారు. ఆలయం అదే ఆలయమని చెప్పేది పూజ తెగకుండా సాగడమే. నాజీలు నేలమట్టం చేసిన వార్సా పాత పట్టణాన్ని పోలిష్ ప్రజలు చిత్రాలు, కొలతల ఆధారంగా తిరిగి కట్టుకోగా, 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రామాణికతను ఆయా సంస్కృతుల విలువల వెలుగులోనే నిర్ణయించాలని 1994 నాటి నారా పత్రం ప్రకటించింది. ఈ దృష్టిలో ఒక ప్రమాదమూ ఉంది. సంప్రదాయం తెగిపోయిన చోట ముఖభాగం ఒక్కటి నిలిపి వెనక వాణిజ్య సముదాయం లేపినా, రూపం మిగిలిందని చెప్పుకునే వీలు కలుగుతుంది.

మూడో సమాధానం నివాసాన్ని, అంటే అక్కడ బతుకు కొనసాగడాన్ని, ఆధారంగా తీసుకుంటుంది. ఫ్రాన్స్‌లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో పేరుతో ప్రసిద్ధమైన 1962 చట్టం విడి కట్టడాలకు బదులు మొత్తం పేటలనే రక్షిత ప్రాంతాలుగా గుర్తించింది. దాని కింద పారిస్‌లోని మారే పేట కూల్చివేత నుంచి బయటపడింది. కానీ భవంతుల ముంగిళ్లలో తర్వాతి కాలంలో వెలసిన కార్ఖానాలను తొలగించవలసిన చేర్పులుగా చూశారు. అద్దెలు పెరిగాయి, చేతిపనుల వారు తరలిపోయారు. ఇటలీలోని బొలోన్యా ఇందుకు భిన్నమైన దారి పట్టింది. 1969, 1973 ప్రణాళికల్లో పియెర్ లుయీజీ చెర్వెల్లాతి బృందం పాత ఇళ్లను రకాలవారీగా అధ్యయనం చేసి, ప్రజా గృహనిర్మాణ నిధులను పాత ఇళ్ల మరమ్మతుకే మళ్లించింది. ఇంటి యజమానులతో ఒప్పందాలు చేసుకుని, సాయానికి ప్రతిగా పాత అద్దెదారులను భరించగలిగే అద్దెలకు కొనసాగించాలని షరతు పెట్టింది. ఇల్లూ, ఇంట్లోవాళ్లూ కలిసే వారసత్వమన్నది ఆ ప్రణాళిక సారాంశం.

దీని నుంచి న్యాయానికి సంబంధించిన ప్రశ్న పుడుతుంది. వారసత్వ ఫలం అందరిదీ అయినప్పుడు దాని భారాన్ని ఒక్క యజమాని మీదే మోపడం ధర్మం కాదు. అంతస్తులు పెంచుకోనివ్వకుండా, మరమ్మతుకు సాయం చేయకుండా వదిలేస్తే, ఇల్లు దానంతటదే కూలాలని యజమానే కోరుకుంటాడు. పాత నగరం మొత్తానికి 2017లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన అహ్మదాబాద్, వారసత్వ గృహాల యజమానులు తాము వాడుకోలేని నిర్మాణ హక్కును టీడీఆర్ (బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కు) రూపంలో అమ్ముకునే వీలు కల్పించింది.

మరో ప్రశ్న అధికారానిది. హైదరాబాద్‌లో 1981 నాటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన వారసత్వ భవనాలకు రక్షణగా ఉండేది. దాన్ని 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. నగరంలోని చారిత్రక ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. పుట్టబోయేవారు ఓటు వేయలేరు, కోర్టుకు రాలేరు. వారి తరఫున మాట్లాడే నిబంధన పాలకుల అవసరాన్ని బట్టి సడలేదిగా ఉండకూడదు.

పదార్థం లేకుండా సాక్ష్యం ఉండదు, రూపం లేకుండా గుర్తింపు ఉండదు, నివాసం లేకుండా ఆ రెంటికీ అర్థం ఉండదు. భారతీయ చింతన పితృఋణం తీర్చుకోవడానికి సంతానాన్ని మార్గంగా చెప్పింది. గతానికి పడిన బాకీ భవిష్యత్తుకు చెల్లించవలసిందే. పరిరక్షణ నిబంధనకు నైతిక బలం ఇక్కడి నుంచే వస్తుంది. రాతిని కాపాడే నియమం, ఆ రాళ్ల మధ్య సామాన్యుడు కాపురం కొనసాగించే వీలునూ కాపాడినప్పుడే ఆ బాకీ తీరుతుంది.