అంకితము - అనామకత్వము

పన్నెండవ శతాబ్దమున శరణులు పలికిన వచనముల చివర అంకితము కన్పట్టును. బసవేశ్వరునిది కూడలసంగమదేవ, అల్లమప్రభువుది గుహేశ్వర, శ్రీశైలేశుని వలచిన అక్కమహాదేవిది చెన్నమల్లికార్జున. కవి తన పేరు చెప్పుకొనదగిన చోట ఇష్టదైవమును నిలుపుట వారి సంప్రదాయము. అది ముసుగు కాదు. తన లోపములను బసవన్న వలె బాహాటముగా ఒప్పుకొన్నవారు అరుదు.

సూళె సంకవ్వ అను శరణి వేశ్యావృత్తినుండి వచ్చినది. ఆమె వచనము ఒక్కటే మనకు దక్కినది. అందు తన వృత్తిని ఆమె దాచలేదు. అంకితమో, నిర్లజ్జేశ్వర! లోకము తనను తిట్టు మాటనే దేవుని నామముగా మలచుకొన్న ఆ తల్లిని తలచినప్పుడెల్ల నా ఒడలు గగుర్పొడుచును. అయితే ఆమె చెప్పినది తన కథ; పరుల కథ కాదు.

నేడు ఇంటర్నెట్టులో ఈ మర్యాద తలక్రిందులైనది. పగటివేళ సొంత పేరుతో ఇంటి గుట్టునంతయు వెల్లడించు పెద్దమనిషియే, రాత్రివేళ మారుపేరు తగిలించుకొని పొరుగువానిని దూషించుచున్నాడు. అట్లని అనామకత్వమే పాపమనరాదు. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరు బయటపెట్టుటను 2023 నాటి భారతీయ న్యాయసంహిత 72వ సెక్షను నేరముగా పరిగణించినది. పై అధికారి అక్రమమును తెలుపు చిరుద్యోగికి మారుపేరు కవచము. మరుగున నిలచుట తప్పు కాదు; మరుగునుండి రాయి విసరుట తప్పు.

బిడ్డల విషయము మరింత బాధాకరము. 2023లోనే వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లలోపు పిల్లల వివరములను సంస్థలు వాడుకొనవలెనన్న తల్లిదండ్రుల అనుమతి ఉండవలెనన్నది. తల్లిదండ్రులే బయటపెట్టినచో అడుగువారెవరు? ఇష్టలింగమును లింగకాయలో పదిలపరచి ఎదపై ధరించు మనము, బిడ్డల బ్రతుకును మాత్రము బజారున పెట్టుచున్నాము.

మా బంధువుల పిల్లకు ఎనిమిదవ ఏట మూర్ఛ వచ్చినది. తండ్రి ఆసుపత్రి మంచముమీది ఆమె ఫోటోను ఫేస్‌బుక్కులో పెట్టి, అందరును ప్రార్థింపుడని కోరెను. ఉద్దేశము మంచిదే; ప్రార్థించినవారును ఉన్నారు. పిల్లకు నయమైనది. కాలేజీలో చేరిన కొలది దినములకే తోటివారు ఆ ఫోటోను వెదకి తీసి ఆమెకే చూపిరి. తండ్రి వెంటనే తొలగించెను గాని, అప్పటికే అది ఎందరి ఫోన్లలో చేరినదో తెలియదు. ఆ పిల్ల ఏడువలేదు.

"నా జబ్బు సంగతి చెప్పుకోవాలో వద్దో నేను కదా అనుకోవాలి, నాన్నా!" అన్నది.

ఆయన నా వంక చూచెను. నేను తల వంచుకొంటిని. ఆనాడు ఆ ఫోటోను పదిమందికి పంపినవారిలో నేనును ఒకడను.