నార్నియా కథలు: పునఃపఠనము

బాల్యమున ప్రాణప్రదముగా చదివిన గ్రంథమును పెద్దవయసున మరల చేతబట్టినప్పుడు రెండు కర్తవ్యములు ఒకదానితో నొకటి పెనగులాడును. నాటి ప్రేమకు కట్టుబడి దోషములను కప్పిపుచ్చవలయునా? లేక నేటి వివేకముతో దోషములను వెలికిదీసి, నాటి ప్రేమ యంతయు భ్రమ యని త్రోసివేయవలయునా? ఒంటరిగా చదువుకొనువానికి ఇది వినోదప్రశ్నయే కావచ్చును. తాను చదివిన పుస్తకమును బిడ్డ చేతికిచ్చు తల్లికి మాత్రము ఇది ధర్మప్రశ్న. మేము చిన్ననాట మిక్కిలి యిష్టపడిన నార్నియా గ్రంథములను ఇటీవల మరల చదివి, మాకు తోచినది చదువరులకు విన్నవించుచున్నాము.

వీని కర్త సి. ఎస్. లూయిస్. 1898లో బెల్‌ఫాస్టు నగరమున జన్మించి, చిరకాలము ఆక్స్‌ఫర్డులోను, పిదప కేంబ్రిడ్జిలోను ఆంగ్లసాహిత్యమును బోధించి, 1963లో మరణించెను. 1950 మొదలు 1956 వఱకు ఏడాదికొకటి చొప్పున ఏడు గ్రంథములను ప్రకటించెను. యుద్ధకాలమున లండను విడిచి యొక పల్లెటింట తలదాచుకొన్న నలుగురు తోబుట్టువులలో చిన్నదైన లూసీ, ఒక బట్టల బీరువాలో దూరి, వ్రేలాడు కోటుల నడుమ నడచి నడచి, మంచు కురియు నడవిలో తేలును. అదియే నార్నియా. అచట మృగములు మాటలాడును. ఈ కథ చదివిన పిల్ల తన యింటి బీరువా తలుపు తెఱచి, వెనుకచెక్కను తట్టి చూడకుండునా?

మరల చదివినప్పుడు మమ్ము ముందుగా ఆకర్షించినది ఆ మాయ కాదు. లూసీ తిరిగివచ్చి తాను చూచినది చెప్పగా అన్నలు, అక్క నమ్మరు. ఇంటి యజమానియైన వృద్ధ పండితుడు మాత్రము, పెద్దపిల్లలు తన యొద్దకు వచ్చి చెప్పగా, మీ చెల్లెలు అబద్ధమాడునదియా, మతి చలించినదియా యని యడుగును. రెండును కావన్నప్పుడు, వేఱు సాక్ష్యము దొరకువఱకు ఆమె చెప్పినది నిజమని యెంచుటయే తర్కమని తేల్చును. చిన్నపిల్ల మాటను సాక్ష్యముగా గ్రహించి విచారించు పెద్దలు మన యిండ్లలో ఎందఱు గలరు? ఇక ఎడ్మండు. టర్కీ మిఠాయికి ఆశపడి తోబుట్టువులను మంత్రగత్తెకు పట్టియిచ్చిన బాలుడు వాడు. ద్రోహి ప్రాణము ఆమె సొత్తని శాసనము. వానికి బదులుగా అస్లాననెడు సింహము రాతిబల్లపై తన ప్రాణము నర్పించును. లూయిస్ క్రైస్తవభక్తుడు, ఆ కథకు మూలమేదియో స్పష్టమే. అది తెలియని బిడ్డకును ఆ క్షమ తెలియును. ఎడ్మండు తిరిగివచ్చిన వేళ, జరిగినదానిని గూర్చి వానితో మాటలాడ నక్కఱలేదని సింహము తక్కినవారికి చెప్పును. తప్పు చేసిన బిడ్డను పది యేండ్లయినను దెప్పుచుండు ఇండ్లలో ఈ యొక్క పుట చదివి వినిపింపదగినది.

ఇట్టి గ్రంథమాల తుదిభాగమున పెద్ద చదువరికి ముల్లు గ్రుచ్చుకొనును. నలుగురిలో రెండవది సూసను. విలువిద్యలో నేర్పరి. ఏడవ గ్రంథమున రైలుప్రమాదమున మరణించిన వారందఱును నిజమైన నార్నియాను చేరుదురు, సూసను చేరదు. ఆమె యిక నార్నియాకు స్నేహితురాలు కాదని స్వయముగా అన్నయే చెప్పును. ఆమెకు నైలాను మేజోళ్లు, పెదవిరంగు, విందు పిలుపులు తప్ప వేఱేమియు పట్టదని మఱియొక బాలిక చెప్పును. ఇదియే అభియోగము.

లూయిస్ పక్షమున చెప్పవలసినది చెప్పకున్న న్యాయము కాదు. సూసను తప్పు అలంకారము కాదు, తాను కన్నులార చూచినదానిని చిన్ననాటి ఆటలని త్రోసిపుచ్చుటయే యని ఆతని అభిమానులు వాదింతురు. మూలమున నట్లే యున్నది. సూసను ఇంకను బ్రతికియున్నదనియు, ఆమె మాఱుటకు కాలము గలదనియు 1957లో ఒక బాలునకు వ్రాసిన జాబులో లూయిస్ చెప్పెను. అయినను మాకు తృప్తి కలుగలేదు. ఒకనాటి పొగలబండి ప్రమాదమున తల్లి, తండ్రి, అన్న, తమ్ముడు, చెల్లెలు పోయి ఒంటరిగా మిగిలిన యువతి ఆమె. స్వర్గము చేరిన ముగ్గురు తోబుట్టువులలో ఒక్కరును ఆమెకై కంటతడి పెట్టరు. లూసీయైనను అక్క యేదియని యడుగదు. ద్రోహము చేసిన తమ్ముని గూర్చి మాటలాడవలదన్న కథలో, పెదవిరంగు దిద్దుకొన్న అక్కను గూర్చి ఎగతాళిగా మాటలాడుటకు అడ్డులేకపోయెను. ఆడుపిల్ల యెదుగుటయే నేరమని చదువు బాలికకు తోచినచో తప్పు ఆమెది కాదు. నీల్ గైమన్ అను రచయిత 2004లో ఒక కథ వ్రాసి, ఈ మిగిలిపోయిన స్త్రీని ముసలితనమున మన యెదుట నిలిపెను.

రెండవ ముల్లు మన దేశపు చదువరికి మఱింత లోతుగా దిగును. నార్నియాకు దక్షిణమున కాలొర్మెను అను సామ్రాజ్యము. అచటివారు నల్లని మొగములు, గడ్డములు, తలపాగలు, వంపు కత్తులు గలవారు, బానిసల నమ్ముదురు. వారి దైవము టాషునకు పక్షి తల, నాలుగు చేతులు. చతుర్భుజుని పటమునకు దీపము పెట్టు ఇంటి బిడ్డ ఆ నాలుగు చేతులను చూచి భయపడవలెనని కథ కోరును. అరేబియన్ నైట్సు కథలనుండి, తురుష్కులను గూర్చి యూరోపునకు గల పాతభయమునుండి ఈ చిత్రము పుట్టినదని పండితులందురు. మచ్చ యెచట నంటినదో తెలిసినంత మాత్రమున అది తొలగిపోదు గదా!

అయితే 1954లో వెలువడిన అయిదవ గ్రంథమున ఆ కాలొర్మెను పిల్లయే యొకతె నాయిక. పేరు అరావిసు. సవతితల్లి ప్రేరణచే తండ్రి ఆమెను అరువదేండ్ల ముసలి మంత్రికి కట్టబెట్ట నిశ్చయింపగా, ఆమె గుఱ్ఱమెక్కి పాఱిపోవును. కన్యాశుల్కము చదివిన తెలుగువారికి ఈ పెండ్లి క్రొత్త గాదు. పిల్ల తానే కళ్లెము పట్టుట మాత్రము క్రొత్త. పోవునప్పుడు కావలియున్న దాసికి మత్తుమందు పెట్టును. దాసికి కొరడాదెబ్బలు తగిలియుండునే యని తోడివా డనగా, దానికేమి యనును. పిదప ఒక సింహము ఆమె వీపున పది గీతలు గీయును. అవి ఆ దాసి తిన్న దెబ్బలకు సరియైన లెక్క యని తుదకు అస్లాను తెలుపును. సంస్కరణమును గూర్చిన మన కథలలో యజమానురాలి విముక్తికి పనిపిల్ల వీపు మూల్యమైనచో లెక్క యడిగినవి ఎన్ని? తుది గ్రంథముననే, జీవితమంతయు టాషును నిష్కపటముగా కొలిచిన యొక కాలొర్మెను యువకుని సేవ తనకే చేరినదని అస్లాను వానిని స్వీకరించును. గీత చదివినవారికి ఈ భావము పరాయిది కాదు.

మా నిర్ణయ మిది. సూసను విషయమున లూయిస్‌ను తప్పుపట్టు కొలబద్ద మాకు లూయిస్ ఇచ్చినదే. ఎడ్మండు క్షమకు కన్నీరు విడిచిన బిడ్డ, దాసి వీపునకు లెక్క గట్టిన కథను నమ్మిన బిడ్డ, పెరిగి పెద్దదై అక్కకు న్యాయమేదని యడుగుట ఆ ప్రేమకు ద్రోహము కాదు. ఆ ప్రేమ చేయు పనియే. కావున పుటలు చింపి యిచ్చువారితోను, పాతకాలపు పుస్తకమును ప్రశ్నింపరాదను వారితోను మేము ఏకీభవింపము. పిల్లలు మాత్రమే యానందింపగల పిల్లల కథ మంచి కథ కాదని లూయిసే 1952లో వాదించెను. అట్లయిన పెద్దల తీర్పును ఆతడు కోరినట్లే. ముందుగా హెచ్చరికలు చేయుటయు మాకు సమ్మతము కాదు. కథకు ముందు ఉపన్యాసము భోజనమునకు ముందు ఆముదము వంటిది. ప్రక్కన కూర్చుండి చదివినచో చాలును. బిడ్డ తానే ఆగి అడుగును. మఱచిపోయినట్లు కన్పట్టి మూడు దినములకు స్నానమువేళ నడుగును.

అడుగువారికి మొదటి గ్రంథముననే యొక ఆధారము గలదు. క్రిస్మసు తాత సూసనునకు వింటితోబాటు ఒక కొమ్ముబూర నిచ్చెను. ఎచటనుండి యూదినను ఏదో యొక సహాయము వచ్చితీరునని మాట యిచ్చెను. రెండవ గ్రంథమున ఇతరు డొకడు దాని నూదగా నలుగురు పిల్లలును వేఱు లోకమునుండి తరలివచ్చిరి. అది నార్నియాలోనే యుండిపోయినది. ఇంగ్లండులో ఒంటరిగా మిగిలిననాడు సూసను చేత ఆ బూర లేదు.