అన్న పొట్ట కొట్టొద్దని

2023 మార్చి 17న గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. ఆ సాయంత్రం అశోక్ నగర్ చాయ్ బండ్ల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ అది. 503 పోస్టులు. అక్టోబర్‌లో మేం రాసిన పరీక్ష, పేపర్ లీకు వల్ల, రాయనట్టే లెక్క. మా హాస్టల్లో కొందరు ఆ వారమే సంచులు సర్దుకుని ఊరెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం మళ్ళీ మొదటి పేజీ తెరిచాం.

మా అందరికీ అన్న ఒకాయన ఉండేవాడు. వయసు ముప్పై నాలుగో ఐదో. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ తలుపు తీయకముందే గేటు దగ్గర ఉండేవాడు. పాలిటీలో ఏ డౌటున్నా ఆయన్నే అడిగేవాళ్ళం. ఒక్క రూపాయి తీసుకోకుండా రెండేసి గంటలు చెప్పేవాడు. పరీక్ష రద్దయిన రెండు వారాలకు ఆయనే ఫోన్ చేసి, "చెల్లె, ఒకసారి కలుస్తవా?" అన్నాడు. వెళ్తే బ్యాగులోంచి ఒక డబ్బా తీశాడు. పుట్టగొడుగుల క్యాప్సూల్స్. గానోడెర్మా, కార్డిసెప్స్ కలిపినవట. "ఎనర్జీకి, ఇమ్యూనిటీకి. నేను గూడ వాడుతున్న. రాత్రి ఒంటిగంట దాక చదివినా అలుపు లేదు."

డబ్బా 1,800 రూపాయలు. నాకు అలుపు ఉంది, నమ్మకం లేదు. కానీ ఆయన ముఖం చూశాను. తమ్ముడి పెళ్ళయింది, ఊళ్ళో అడిగే ప్రశ్నలు పెరిగాయి, రూం కిరాయి రెండు నెలలు బాకీ. కొన్నాను. మందు కోసం కాదు, ఆయన కోసం. అప్పుడు అది మంచిపనే అనిపించింది. ఆ మంచిపనిలో తప్పెక్కడ మొదలైందో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు పుట్టగొడుగులకు న్యాయం చెయ్యాలి. అవేం ఉత్త మాటలు కావు. జపాన్‌లో ఒక పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థాన్ని 1977లోనే క్యాన్సర్ చికిత్సకు తోడుగా అనుమతించారు. పెన్సిలిన్ బూజు నుంచే వచ్చింది. గానోడెర్మాలోని బీటా గ్లూకాన్లు ప్రయోగశాలలో రోగనిరోధక కణాలను కదిలిస్తాయి. ఇదంతా నిజమే. అయితే గాజు గిన్నెలో కణం కదలడం వేరు, అశోక్ నగర్‌లో ఇరుకు గదిలో బతికే మనిషికి జబ్బు రాకపోవడం వేరు. మధ్యలో చాలా దూరం ఉంది. గుండెజబ్బు ముప్పు, క్యాన్సర్‌ల విషయంలో గానోడెర్మా మీద మనుషుల్లో చేసిన పరీక్షలను కాక్రేన్ సంస్థ వాళ్ళు జల్లెడ పట్టారు. గుండెజబ్బు ముప్పు తగ్గిస్తుందనడానికి ఆధారం దొరకలేదన్నారు. క్యాన్సర్‌కి దీన్నే ప్రధాన చికిత్సగా వాడడానికి తగిన సాక్ష్యం లేదన్నారు. చికిత్సకు తోడుగా వాడితే కొంత మేలుండొచ్చు, అదీ గట్టిగా చెప్పలేమన్నారు.

ఇక కార్డిసెప్స్ అనగానే అమ్మేవాళ్ళు చైనా రన్నర్ల కథ చెప్తారు. అన్న కూడా చెప్పాడు. 1993లో బీజింగ్‌లో వాంగ్ జున్‌షియా 10,000 మీటర్ల పాత రికార్డును ఏకంగా 42 సెకన్ల తేడాతో బద్దలు కొట్టింది. తాబేలు రక్తం, కార్డిసెప్స్ తాగిస్తానని కోచ్ మా జున్‌రెన్ చెప్పుకున్నాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి ముందు రక్తపరీక్షల తర్వాత అతని రన్నర్లు ఆరుగురిని జట్టులోంచి తప్పించారు. మాకు నిషేధిత మందులు ఇచ్చారని రన్నర్లు 1995లోనే రాసిన ఉత్తరం 2016లో బయటికొచ్చింది. కథలో ఈ రెండో సగం అన్నకి తెలీదు. నాకు తెలుసు. చెప్పలేదు.

'ఇమ్యూనిటీ పెంచడం' అన్న మాట కూడా చూడండి. రోగనిరోధక శక్తి వ్యాయామంతో పెంచుకునే కండ లాంటిది కాదు. అది అతిగా పనిచేస్తే ఆస్తమా, కీళ్ళవాతం వస్తాయి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళకి దాన్ని తగ్గించడానికే మందిస్తారు. అలాంటి మందుల్లో ఒకటి సైక్లోస్పోరిన్. అది దొరికిన శిలీంధ్రం కార్డిసెప్స్ కుటుంబానిదే. ఒకే ఇంటి నుంచి వచ్చినవాటిలో ఒకటి పెంచుతుందని అమ్ముతుంటే, ఇంకొకటి తగ్గిస్తూ ప్రాణాలు నిలబెడుతోంది.

జూన్‌లో ఒక రాత్రి లైబ్రరీ నుంచి వస్తుంటే సందులో కుక్క పిక్క పట్టుకుంది. హాస్టల్ గేటు దగ్గర కూర్చుని అన్నకి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో బండి మీద వచ్చాడు. నల్లా కింద కాలు పెట్టించి సబ్బుతో పావుగంట కడిగించాడు. పొద్దున్నే నారాయణగూడలో ఐపీఎం, అదే, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ కుక్క కరిచినవాళ్ళ లైన్ ఎప్పుడూ ఉంటుంది. సూది వేయించి, చీటీ చూసి 3, 7, 28 రోజుల తేదీలు తన ఫోన్‌లో పెట్టుకున్నాడు. ప్రతిసారీ ఆయనే గుర్తుచేశాడు.

ఆ రోజు ఆయన బ్యాగులో డబ్బాలున్నాయి. ఒక్కసారి కూడా వాటి ప్రస్తావన తేలేదు. "ఇమ్యూనిటీకి ఇది వేసుకో చెల్లె" అనలేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఏది మందో, ఏది కాదో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన్ని మోసగాడు అనలేకపోవడానికి కారణం ఆ ఉదయమే. ఆయన్ని అమాయకుడు అనలేకపోవడానికి కారణం కూడా అదే.

జులైలో నా రూమ్మేట్ మంచం మీద అదే డబ్బా కనపడింది. నాకన్నా ఐదేళ్ళు చిన్నది, నల్గొండ వైపు పిల్ల, గ్రూప్-4 రాసింది. "అన్న ఇచ్చిండక్కా. నువ్వు గూడ వాడుతున్నవంట గదా. మంచిగనే ఉంటదా?"

నేను డబ్బా తెరవనే లేదు. అది నా ట్రంకు పెట్టెలో సీలుతో సహా అలాగే ఉంది. ఆ మాట చెప్తే, ఈమె ఇంకో నలుగురికి చెప్తుంది. అన్న పొట్ట కొట్టినట్టవుతుంది. "ఏం కాదులే" అన్నాను.

ఆ ఒక్క మాట మీద ఆమె మూడు డబ్బాలు కొంది. డబ్బు సర్దుకోవడానికి మెస్‌లో రాత్రి భోజనం మానేసింది. అరటిపండుతోనో, బిస్కెట్లతోనో సరిపెట్టింది. మెట్లెక్కితే ఆయాసమని అంటుంటే, ఎక్కువ చదువుతున్నావు అనేదాన్ని. అక్టోబర్‌లో బాత్రూం దగ్గర కళ్ళు తిరిగి పడింది. బస్తీ దవాఖానలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8. రక్తహీనత. నాలుగు నెలలు మేం 'అలుపు' అని పిలిచినదానికి అసలు పేరు అది. అదేం అరుదైన జబ్బు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఆమెకి ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. ఉచితంగా.

ఫోలిక్ యాసిడ్ అనగానే మా చిక్కడపల్లి బ్యాచ్‌కి ఒక బిట్ గుర్తొస్తుంది: యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో 1895లో పుట్టి, మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కినవాడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఏటీపీని కనిపెట్టాడు. ఒంట్లో ప్రతి కణం ఖర్చుపెట్టుకునే శక్తి అదే. 1940లలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. ఎనర్జీ అంటే ఏమిటో లోకానికి చెప్పినవాళ్ళలో మనవాడొకడున్నాడని మేం నోటికి చదివాం. ఒక మార్కు కోసం. మా గదిలో ఎనర్జీ లేక పడిపోయిన పిల్లకి మాత్రం దాంతో పనుంటుందని తట్టలేదు.

ఇక అసలు ప్రశ్న. దయతో మౌనంగా ఉండడం తప్పా?

భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి ఒక జాబితా చెప్తాడు. ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళిళ్ళలో, ప్రాణం, ధనం, మానం పోయేటప్పుడు అబద్ధమాడినా పాపం లేదని. తెలుగువాళ్ళం ఈ జాబితాని మన అవసరానికి బాగానే వాడుకున్నాం. నేనూ అదే వాడుకున్నాను. అన్న ధనం, అన్న మానం. ఇప్పుడు చూస్తే అందులో ఒక మనిషి లెక్కకు రాలేదు. అబద్ధం చెప్పేవాడు, దానివల్ల బయటపడేవాడు ఉన్నారు. ఆ అబద్ధాన్ని నమ్మి ఇంకో గదిలో భోజనం మానేసేవాళ్ళు లేరు.

మామూలు కొట్లో కొంటే ఈ చిక్కు తక్కువ. కొట్టువాడికి నా నమ్మకంతో పనిలేదు. గొలుసు అమ్మకం పద్ధతి వేరు. అక్కడ సరుకు చేతులు మారేది స్నేహం మీద. ప్రతి కొనుగోలూ తర్వాతివాళ్ళకి ఒక సాక్ష్యం. కేంద్రం 2021 డిసెంబర్‌లో డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు తెచ్చి పిరమిడ్ స్కీములను నిషేధించింది. ఇలాంటి ఆరోగ్య సప్లిమెంట్ల మీద 'ఔషధంగా వాడకూడదు' అన్న అర్థం వచ్చే మాట ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. కాబట్టి డబ్బా నిజమే చెప్తోంది, చిన్న అక్షరాల్లో. అబద్ధం నోటిమాటల్లో ఉంది. నా "ఏం కాదులే"కి ఏ లేబులూ లేదు.

నమ్మకం కూడా పనిచేస్తుంది కదా, ఉత్త పిండి మాత్ర కూడా ఊరటనిస్తుంది కదా అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే, ఇస్తుంది. కానీ 2010లో హార్వర్డ్ పరిశోధకులు పేగు సమస్యలున్నవాళ్ళకి ఉత్త మాత్రలిచ్చి, ఇవి ఉత్త మాత్రలేనని ముందే చెప్పారు. అయినా ఏ చికిత్సా తీసుకోనివాళ్ళకంటే వాళ్ళకి ఉపశమనం ఎక్కువే కలిగింది. వాళ్ళకి పనికొచ్చింది అబద్ధం కాదు. ఎవరో పట్టించుకున్నారన్నది కావచ్చు. అన్న మాకు అది ఎప్పుడూ ఇస్తూనే ఉన్నాడు. పాలిటీ పాఠంలో, బండి మీద, తేదీలు గుర్తుచేసిన ఫోన్లలో. దానికి డబ్బా అక్కర్లేదు.

నవంబర్‌లో అన్నని కలిసి సంగతంతా చెప్పాను. హిమోగ్లోబిన్, భోజనాలు, నా ట్రంకులోని సీలు విప్పని డబ్బా. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. చాయ్ గ్లాసు పక్కన పెట్టి చాలాసేపు రోడ్డు వైపు చూశాడు.

"నువ్వు తెరవలేదా?"

"లేదన్నా."

"నువ్వు కొన్నవని గదా నేను ఇంక పది డబ్బాలు తెప్పిచ్చిన. నువ్వు ఊకె కొనవు, చదివే కొంటవు అనుకున్న. ఆ పొద్దే పనిచెయ్యదని చెప్తే ఏమైతుండె?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన బాధపడతాడని చెప్పలేదు. అంటే నిజం విని తట్టుకోలేడని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆర్టికల్ 32కీ 226కీ తేడా నాకు ఓపిగ్గా చెప్పిన మనిషి గురించి. జాలిపడ్డాననుకున్నాను. నిజానికి ఆయన్ని నాకు సమానం కాని మనిషిగా చూశాను.

అలాగని అన్నని అక్కడికి తెచ్చినవాటిని మర్చిపోలేను. మొదటి రద్దు తర్వాత జూన్‌లో మళ్ళీ రాశాం. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దుచేసింది. అన్నేళ్ళు పుస్తకాలు తప్ప ఇంకేం సంపాదించుకోని మనిషికి రేపట్నుంచే సంపాదన అని ఎవరైనా చెప్తే వింటాడు. మా అలుపులో సగం రక్తంలోది కాదు, ఆ క్యాలెండర్‌ది. దానికి ఏ క్యాప్సూలూ లేదు. కానీ ఈ కారణం అన్నకి కొంత మినహాయింపు ఇవ్వొచ్చు. నాకివ్వదు. నాకు నిజం తెలుసు. చెప్పడానికి అయ్యే ఖర్చు ఒక ఇబ్బందికరమైన సాయంత్రం.

ఆ చెల్లె ఇప్పుడు బాగానే ఉంది. అన్న మిగిలిన డబ్బాలని ఏం చేశాడో నేనడగలేదు. ఇప్పుడు ఒక అకాడమీలో పాలిటీ చెప్తున్నాడు, జీతానికి.

పోయిన వారం మా పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ కాలనీలో ఎవరో పుట్టగొడుగుల కాఫీ అమ్ముతున్నారట, ఒక ప్యాకెట్ నాకూ తీసి పెట్టిందట. "వద్దు పిన్నీ, అది చెప్పినంత పనిచెయ్యదు" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "మరి నేను నలుగురికి ఇప్పించానే" అంది. అయితే ఆ నలుగురికీ ఫోన్ చెయ్యమన్నాను. చేస్తానని అనలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు బాగా అనిపించలేదు.